ఐదు సిట్టింగుల కోసం తిరిగిన ఊళ్లు, దిగిన గదులు

కంటి ఆపరేషన్‌కి ముందు తీసిన ఎక్స్‌రేలో బయటపడింది నాన్న ఊపిరితిత్తిలోని గడ్డ. కుడివైపు, కింది భాగంలో, 2 సెంటీమీటర్ల పైచిలుకు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. పెట్ స్కాన్‌లో మరెక్కడా జాడ లేదు, అంటే మొదటి దశ. ఈ దశలో ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకి ముందుగా చెప్పేది ఆపరేషనే. కానీ నాన్నకి ఏళ్ల తరబడి ఆయాసం. ఊదే పరీక్షలో వచ్చిన అంకెలు చూసి సర్జనే వద్దన్నారు, ఎస్‌బీఆర్‌టీ చేసే చోటికి వెళ్లమన్నారు. సన్నటి కిరణాలను అన్ని వైపుల నుంచీ గడ్డ మీదే కలిసేలా గురిపెట్టి, కొద్ది సిట్టింగుల్లోనే పెద్ద డోసు ఇచ్చే రేడియేషన్ అది. 'కరెంటు పెట్టడం' అంటే నెలన్నర పాటు రోజూ తిరగడమేనని అప్పటిదాకా అనుకున్నాం. నాన్నకి చెప్పింది ఐదే సిట్టింగులు.

రెండు ఊళ్లలో రెండు ఆసుపత్రులు చూశాం. మొదటిదానికి రైల్లో నాలుగు గంటలు. మెషీన్ కొత్తది, హాలు శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదగా మాట్లాడారు. డాక్టరు మాత్రం నాలుగు గంటలు కూర్చోబెట్టి, ఐదు నిమిషాలే చూశారు. ఊపిరి బిగబట్టించి కిరణాలు వేయడం అక్కడి పద్ధతి. ఇరవై సెకన్లు బిగబట్టమంటే నాన్న పన్నెండో సెకనుకే దగ్గారు. రెండోసారి ఎనిమిది. 'అలవాటవుతుంది లెండి' అన్నారు. మెట్లెక్కితేనే ఎగశ్వాస వచ్చే మనిషికి అదెలా అలవాటవుతుందో నాకు అర్థం కాలేదు. ఊపిరి నిలపగలిగేవాళ్లకి అది మంచి పద్ధతే. మా నాన్నకి కుదరదు, అంతే.

రెండో ఊరికి తొమ్మిది గంటల ప్రయాణం. మెషీన్ పాతది. కానీ డాక్టరు పక్కన, రేడియేషన్ డోసు లెక్కలు చూసే మెడికల్ ఫిజిసిస్టు కూడా కూర్చున్నారు. కదిలే బొమ్మలా వచ్చే ఫోర్‌డీ సీటీ స్కాన్ తీసి, స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు. బూడిదరంగు ఊపిరితిత్తిలో తెల్లటి చుక్క. నాన్న ఊపిరి పీల్చినప్పుడల్లా కిందికి జారుతోంది, వదిలితే పైకి వస్తోంది. సెంటీమీటరు పైనే ప్రయాణం. కింది భాగంలో గడ్డలు పైవాటికంటే ఎక్కువ కదులుతాయట, ఊపిరితిత్తుల కింద ఉండి శ్వాస ఆడించే కండరం, డయాఫ్రం, దగ్గర కదా. పొట్ట మీద పలక అదిమి ఆ ఊపు తగ్గిస్తామని, మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలని చెప్పారు. నాన్న ముఖంలో బెదురు పోవడం అప్పుడే చూశాను. అక్కడే చేయించాలని నిశ్చయించుకున్నాం.

గడ్డ పెద్ద శ్వాసనాళాలకి ఎంత దూరమో కొలిచి చెప్పింది కూడా అక్కడే. రెండు సెంటీమీటర్ల లోపు ఉంటే ఇంత పెద్ద డోసులు ప్రమాదమని 2006లోనే అమెరికా వైద్యులు హెచ్చరించారు. అలాంటప్పుడు డోసు తగ్గించి సిట్టింగులు పెంచుతారు. నాన్నది దూరంగానే ఉంది, కాకపోతే పక్కటెముకలకి దగ్గర. అందుకే మూడు సిట్టింగుల్లో 54 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) కాకుండా, ఐదింటిలో 50 గ్రేలు, రోజు విడిచి రోజు. పాత పద్ధతిలో రోజుకి 2 గ్రేల చొప్పున ముప్పై రోజులు పట్టేది. ఒకేసారి 10 గ్రేలు పడితే క్యాన్సర్ కణాలు కోలుకోవడం కష్టం, అందుకే మొత్తం అంకె చిన్నదైనా దెబ్బ పెద్దది. అంత దెబ్బ పక్కన పడకూడదు కాబట్టే మిల్లీమీటర్ల లెక్క.

ఫలితం గురించి కూడా దాచలేదు. ఆపరేషన్‌కి పనికిరాని రోగుల మీద చేసిన ఒక అధ్యయనం 2010లో వచ్చింది. మూడేళ్ల తర్వాత 97.6 శాతం మందిలో రేడియేషన్ ఇచ్చిన గడ్డ అదుపులో ఉంది, కానీ బతికున్నవాళ్లు 55.8 శాతం. మిగతా జబ్బులు, మరోచోట తేలే క్యాన్సర్ కూడా లెక్కలోకి వస్తాయి కదా. మొదటి అంకె ఒక్కటే చెప్పి పంపేస్తే ఆ క్షణానికి సంతోషంగానే ఉండేది. రెండూ చెప్పినందుకే నాకు ఆ డాక్టరు మీద గురి కుదిరింది.

కొలతలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు గేటు ఎదురుగా ఉన్న లాడ్జిలో దిగాం. నడిచి రెండు నిమిషాలు. గది రెండో అంతస్తులో, లిఫ్టు లేదు, రాత్రంతా అంబులెన్సుల మోత. నాన్న ప్రతి మెట్ల మలుపులో ఆగారు. ప్లాన్ తయారవడానికి వారం పైనే పట్టింది. సిట్టింగులకి వెళ్లినప్పుడు మూడు కిలోమీటర్ల అవతల కింది అంతస్తులో గది తీసుకున్నాం. రోజూ తిరగాల్సిన వాళ్లకి గేటు పక్క గదే మేలు. ఐదు సార్లకి మాత్రం దూరం కంటే మెట్లు లేకపోవడమే ముఖ్యం. గది రెండు రోజులు అదనంగా తీసుకోండి. మూడో సిట్టింగు రోజున మెషీన్ ఆగిపోయి మర్నాటికి మారింది, మాకు గది ఉంది కాబట్టి సరిపోయింది.

ఎవరూ ముందు చెప్పనిది భుజాల సంగతి. చేతులు తలపైకి చాపి కదలకుండా పడుకోవాలి. కింద పరిచిన సంచిలో గాలి లాగేయగానే అది ఒంటి ఆకారంలో బిగుసుకుంటుంది. మెషీన్ మీదే మళ్లీ స్కాన్ తీసి, బల్లను కొద్దికొద్దిగా జరిపి, గడ్డ గురిలోకి వచ్చాకే మొదలుపెడతారు. మొదటిరోజు నలభై నిమిషాలు పట్టింది. కిరణాల వల్ల నొప్పేమీ లేదన్నారు నాన్న. కానీ పాత భుజం నొప్పి చంపేసింది. రెండోసారి నుంచి డాక్టరునడిగి అరగంట ముందు నొప్పిమాత్ర వేశాం. గదిలో చేతులు పైకి పెట్టి పడుకోవడం సాధన చేయించాను. ఇది ఇంటి దగ్గరే మొదలుపెట్టాల్సింది.

ఆ పది రోజులూ నీరసం తప్ప ఇబ్బంది లేదు. జుట్టు రాలలేదు. పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చా అని నాన్న ఫోన్‌లో అడిగితే నర్సమ్మ విసుక్కోకుండా, ఒంట్లో రేడియేషన్ మిగలదని రెండుసార్లు చెప్పింది. రాత్రిపూట కూడా ఎత్తే ఫోన్ నంబరు ఇవ్వడం నేను చూసిన సేవలన్నిటిలో గొప్పది. వారాలు, నెలల తర్వాత పొడిదగ్గు, జ్వరం, ఆయాసం వస్తే మామూలు నిమ్ము అనుకోకుండా ఆ నంబరుకి చేయమన్నారు. ఊపిరితిత్తి వాపు కావచ్చు, స్టెరాయిడ్లు అవసరం పడొచ్చు. ఒక్కటే లోటు, ప్లాన్ వివరాలున్న సీడీ అడిగితే గానీ ఇవ్వలేదు.

ఆ సీడీయే మూడో నెలలో ఆదుకుంది. దగ్గరలోనే తీయించిన స్కాన్ రిపోర్టులో 'గడ్డ పెరిగినట్లుంది' అని వచ్చింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. స్కాన్ చూసిన డాక్టరు, సీడీలోని ప్లాన్‌లో డోసు పడిన గీతలూ ఈ మచ్చ అంచులూ కలుస్తున్నాయని, రేడియేషన్ తర్వాత ఏర్పడే మచ్చ కావచ్చని, తొందరపడి బయాప్సీకి సూది గుచ్చనివ్వొద్దని చెప్పారు. మూడు నెలలు ఆగాం. ఆరో నెల స్కాన్‌లో మచ్చ కుంచించుకుపోయి సన్నటి చారలా మిగిలింది.

తర్వాతి స్కాన్‌కి అక్కడికే వెళ్తున్నాం. ఆ కింది అంతస్తు గదే చూడమన్నారు నాన్న, కిటికీ పక్క మంచం తనకేనట.