ఓడ ఎక్కడానికి విమానం టికెట్: క్రూయిజ్ కంపెనీ ద్వారానా, సొంతంగానా?

అమలాపురం నుంచి బయల్దేరి సింగపూర్‌లో ఓడ ఎక్కాలనుకోండి. క్రూయిజ్ కంపెనీయే విమానం టికెట్ కూడా ఇస్తే ఒక పెద్ద ధీమా ఉంటుంది. విమానం ఆలస్యమై ఓడ తప్పితే, తర్వాతి రేవులో కలుసుకునే దారి వాళ్లే చూస్తారు. ఓడ మాత్రం మన కోసం ఆగుతుందనుకోవద్దు. టైమింగులు, విమానాలు తరచూ వాళ్ల ఇష్టం. మార్చాలంటే అదనంగా కట్టాలి.

సొంతంగా కొంటే ఒక రోజు ముందే చేరుకోవచ్చు. ధర, వేళ మన చేతిలో ఉంటాయి.

అసలు చిక్కు మధురపూడిలో, అంటే రాజమండ్రి విమానాశ్రయంలో ఉంది. కంపెనీ టికెట్ హైదరాబాద్ నుంచే మొదలైతే, రాజమండ్రి-హైదరాబాద్ టికెట్ మీరు విడిగా కొనాలి. చలికాలం పొద్దున్న మంచు కమ్మి ఆ విమానం ఆలస్యమైతే ఆ బాధ్యత వాళ్లది కాదు. పైగా శంషాబాద్‌లో బెల్టు మీద పెట్టెలు తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. దేశీయ టికెట్‌కు మామూలుగా 15 కిలోలే; అంతర్జాతీయ లెక్కన ఆవకాయ జాడీలతో సహా సర్దితే అదనపు రుసుము తప్పదు.

అందుకే మా ఓటు సొంత టికెట్‌కే, కానీ రాజమండ్రి నుంచి సింగపూర్ దాకా ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద, ఓడకు ఒక రోజు ముందు. అలా దొరక్కపోతే ముందు రోజే హైదరాబాద్ చేరి ఆగండి. ఓడ తప్పితే పరిహారమిచ్చే ప్రయాణ బీమా తీసుకోండి. తిరుగు విమానం మధ్యాహ్నం తర్వాతే పెట్టుకోండి. ఇంటిపేరు పాస్‌పోర్టులో ఎలా ఉందో విమానం, ఓడ టికెట్లు రెండింటిలోనూ అలాగే ఉండాలి.