ఆకివీడు వైపు పెద్ద చేపల గాలం చెరువు: చేపకి మంచి చోటే, ఎండాకాలం మాత్రం వద్దు

ఉండి నుంచి ఆకివీడు వెళ్లే దారిలో, రోడ్డు దిగి చెరువు గట్ల మీదుగా కాస్త లోపలికి వెళ్తే వస్తుంది ఈ ఫిషింగ్ రిసార్ట్. చుట్టుపక్కలవన్నీ సాగు చెరువులే. ఇక్కడ మాత్రం చేపని గాలం కోసమే పెంచుతున్నారు. పడ్డ చేపని తూస్తారు, ఫొటో తీస్తారు, తిరిగి నీళ్లలోకి వదిలేస్తారు. పది పదిహేను కిలోల చేపతో కుస్తీ పట్టాలని హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. ఇలాంటి చోటు మంచిచెడ్డలు తేలేది నీళ్ల దగ్గర, ఒడ్డుకొచ్చిన చేపని పట్టుకునే తీరు దగ్గర. ఆ రెండింటికీ కలిపి ఐదుకి నాలుగు ఇవ్వొచ్చు. తగ్గిన ఆ ఒక్కటీ ఎండాకాలం వల్ల, అద్దె రాడ్ల వల్ల.

ముందు చేపల సంగతి. పెద్ద చెరువు ఆరెకరాలు. ఫంగస్, రూప్‌చంద్, గడ్డిచేప, బొచ్చె, కొద్దిగా శీలావతి ఉన్నాయి. ఫంగస్ అంటే పంగాసియస్, మెకాంగ్ నది చేప. 1990ల మధ్యలో బంగ్లాదేశ్ మీదుగా బెంగాల్‌కి వచ్చి, అక్కణ్ణుంచి మన జిల్లాలకి దిగింది. రూప్‌చంద్ దక్షిణ అమెరికాది, అక్కడ దాన్ని పాకు అంటారు. సాగు చెరువుల్లో ఈ రెండింటినీ కిలో, కిలోన్నర దగ్గరే పట్టి లారీ ఎక్కించేస్తారు కాబట్టి అవి ఎంత పెరుగుతాయో చూసినవాళ్లు తక్కువ. ఏళ్ల తరబడి వదిలేస్తే ఫంగస్ పదిహేను ఇరవై కిలోలకి వస్తుంది, రూప్‌చంద్ పది కిలోల దాకా తూగుతుంది. చిన్న చెరువు రెండెకరాలు, అది పూర్తిగా పండుగప్పకి. పండుగప్ప సాటి చేపల్ని మింగేది కాబట్టి వేరుగా ఉంచడమే పద్ధతి.

అరపైమా ఉందా, మెకాంగ్ రాక్షస జెల్ల ఉందా అని ఫోన్లో అడిగేవాళ్లు చాలామంది. లేవు. ఉండకూడదు కూడా. అరపైమా అమెజాన్ చేప, రెండు మీటర్లు దాటి పెరుగుతుంది, నోటికి అందిన చేపనల్లా మింగుతుంది. గట్టు ఎంత ఎత్తు కట్టినా డెల్టాలో వరద వరదే. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. గోదావరి గట్టు నిలబడినా, తుపాను వానకి డ్రెయిన్లు ఎగదన్నితే చాలు, పక్కపక్క చెరువులు ఏకమై చేపలు కొల్లేరు దారి పడతాయి. ఆక్వేరియం అద్దాల్లో ఉండాల్సిన దెయ్యం చేప ఇవాళ సాగు చెరువుల్లో మేత తినేసి వలలు చింపుతోంది. నిషేధం ఉన్నా ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని దొంగచాటుగా పెంచేవాళ్లు పెంచుతూనే ఉన్నారు. ఆ పాపంలో ఇంకో చేపని కలపనందుకు ఈ యాజమాన్యాన్ని మనసారా మెచ్చుకోవాలి. 'ఎగ్జాటిక్ మాన్‌స్టర్స్' అని బోర్డు రాయించుకుంటే నాలుగు డబ్బులు ఎక్కువే వచ్చేవి.

అరపైమానే కావాలంటే థాయ్‌లాండ్ వెళ్లాలి. దాన్ని పెంచే గాలం సరస్సులు అక్కడున్నాయి, బ్యాంకాక్‌లోని బుంగ్‌సామ్రాన్ చెరువు మెకాంగ్ జెల్లలకి పేరు. వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. అరపైమా గాలి పీల్చి బతికే చేప, పది ఇరవై నిమిషాలకోసారి నీటిపైకి రావాలి. వలలో పడ్డాక తల పైకి రానివ్వకుండా నొక్కి పెడితే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది.

ఇక నీళ్లు. మామూలు సాగు చెరువు ఐదారు అడుగులుంటుంది. ఇక్కడ మధ్యలో తొమ్మిది, పదడుగుల దాకా తీశారు. ఎండకి చేప దిగడానికి ఆ లోతు కావాలి. ఇంకా తవ్వితే ఈ ప్రాంతంలో ఉప్పు ఊట తగిలే ప్రమాదముంది, కాబట్టి ఇంతే సబబు. సాగు చెరువులో ఎకరాకి మూడు నాలుగు టన్నుల చేప తీస్తారు. గాలం చెరువులో టన్ను దాటకూడదన్నది మా అభిప్రాయం, ఎందుకంటే గాలానికి పడి అలసిపోయిన చేప కోలుకోవాలంటే నీళ్లలో ప్రాణవాయువు మిగులు ఉండాలి. ఇక్కడ పెద్ద చెరువులో ఆ హద్దు పాటిస్తున్నారు.

అన్నిటికంటే నచ్చింది మేత షెడ్డు గోడకి తగిలించిన నల్లబోర్డు. తెల్లవారుజామున ఐదింటికి, మధ్యాహ్నం రెండింటికి ఆక్సిజన్, పీహెచ్, నీటి వేడి సుద్దముక్కతో రాస్తారు. లీటరుకి నాలుగు మిల్లీగ్రాముల కంటే ఆక్సిజన్ తగ్గితే బోర్డు కింద ఎర్రగుడ్డ కడతారు, అది విప్పేదాకా ఎవరూ గాలం వేయకూడదు. రాత్రంతా నాచు, చేప, అడుగు బురద అన్నీ ఆక్సిజన్ వాడేస్తాయి కాబట్టి తెల్లారగట్ల అది అట్టడుగుకి చేరుతుంది. ఫంగస్ పైకొచ్చి గాలి గుటక వేసి నెట్టుకొస్తుంది గానీ బొచ్చె తట్టుకోలేదు, ముందు తేలేది అదే. అందుకే పొద్దున్నే గట్టు మీదకి వెళ్లగానే చూడాల్సింది బొచ్చెని. మూతులు పైకి పెట్టి గుంపుగా తిరుగుతుంటే రాడ్ తీయొద్దు.

నీళ్లని చిలికి గాలి కలిపే ఏరేటర్లు ఎనిమిది ఉన్నాయి, రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా తిప్పుతారు. చేప పరిగెత్తి లైను చక్రాల్లో పడితే లైనూ పోతుంది, చేపా పోతుంది. కాబట్టి ఒక్కో ఏరేటర్‌కి గట్టు మీదే స్విచ్ పెట్టారు, మంచి ఆలోచన. లోటల్లా జనరేటర్. కరెంటు పోతే మనిషి వెళ్లి స్టార్ట్ చేయాలి. వేసవి రాత్రి ఆ మనిషి నిద్రపోతే తెల్లారేసరికి ఏళ్ల తరబడి పెంచిన బొచ్చెలు తేలిపోతాయి. ఇన్ని లక్షలు పెట్టినవాళ్లు ఆటోమేటిక్ ప్యానెల్ ఒకటి పెట్టించాలి.

అద్దె సామాను దగ్గర మార్కులు తగ్గాయి. రాడ్లు గట్టివే, తొమ్మిది పదడుగులవి. రీళ్లు 8000 సైజు, యాభై పౌండ్ల బ్రెయిడ్ (పోగులు అల్లిన) లైను, హుక్కుకి ముందు రెండడుగుల మోనో (ఒంటిపోగు నైలాన్) లీడర్. కాగితం మీద అంతా సరిపోయింది. కానీ కొన్ని రీళ్లలో బ్రెయిడ్‌ని నేరుగా స్పూల్‌కి, అంటే లైను కండెకి, చుట్టేశారు. కింద నాలుగైదు మీటర్ల మోనో లేకపోతే బ్రెయిడ్ మొత్తం స్పూల్ మీద గిర్రున జారుతుంది. డ్రాగ్ (చేప లాగితే లైను వదిలే బిగువు) ఎంత బిగించినా లైను వదులుతూనే ఉంటే కారణం ఇదే. తీసుకునే ముందు స్పూల్‌ని బొటనవేలితో పట్టుకుని లైను గట్టిగా లాగి చూడండి. రాడ్ మీద లైను వెళ్లే రింగులూ చూడాలి. చిన్న దూది ఉండని ఒక్కో రింగులో తిప్పండి. పోగు చిక్కుకుందంటే పింగాణీ పగిలినట్టే, ఆ పగులు బ్రెయిడ్‌ని కోసేస్తుంది. డ్రాగ్‌ని తూకం కొక్కేనికి కట్టి నాలుగైదు కిలోల దగ్గర వదిలేలా పెట్టుకోవాలి. అంతకంటే బిగిస్తే మూతి చిరుగుతుంది, వదులు చేస్తే చేప అరగంట పరిగెత్తి సొమ్మసిల్లుతుంది. వెచ్చటి నీళ్లలో ఎక్కువ చేపల్ని చంపేది ఈ రెండోదే.

హుక్కులన్నీ ఎదురుముల్లు నొక్కేసినవే ఇస్తారు, సొంతవి తెచ్చుకుంటే ప్లయర్‌తో నొక్కాకే గట్టు ఎక్కనిస్తారు. ఫంగస్‌కి 4/0 సైజు సర్కిల్ హుక్కు, అంటే కొన లోపలికి వంగినది. దీనికి రాడ్ ఎత్తి కొట్టకూడదు. లైను బిగిసేదాకా రీల్ తిప్పితే చాలు, మూతి మూలన అదే గుచ్చుకుంటుంది. రూప్‌చంద్‌కి మనిషి పళ్లలాంటి పళ్లుంటాయి, మామూలు లీడర్‌ని పటుక్కున కొరికేస్తుంది, పల్చటి హుక్కుని నలిపేస్తుంది. దానికి జానెడు స్టీల్ తీగ ముక్క కావాలి. అది ఇక్కడ అమ్మరు, వెంట తెచ్చుకోవాలి.

ఎర మనిషికి రోజుకి మూడు కిలోలే, టికెట్‌లోనే ఇస్తారు. తౌడు రెండు పాళ్లు, వేరుశనగ చెక్క ఒక పాలు, అతకడానికి కొంచెం మైదా. చెక్కని ముందురోజు రాత్రే నానేస్తారు, పొద్దుటికి పుల్లవాసన వస్తుంది, ఫంగస్‌కి ఆ వాసనే కావాలి. ముద్ద చేశాక బకెట్ నీళ్లలో వేసి చూడండి. పది నిమిషాల్లోపు విచ్చుకోవాలి. రాయిలా ఉంటే బురదలో దిగబడి కుళ్లి అమ్మోనియా అవుతుంది, వెంటనే చెదిరితే గాలం దాకా చేప రాదు. ఇక్కడి ఫంగస్ తేలే మేతకి అలవాటు పడింది. కాబట్టి ఎరని అడుగున పడేయకుండా బెండు కింద రెండు మూడు అడుగుల్లో వేలాడదీస్తే త్వరగా పడుతుంది. బొచ్చెకి వేరే దారి ఉంది. సాగు చెరువుల్లో లాగే ఇక్కడా గుంజలకి చిల్లులు పెట్టిన తౌడు సంచులు కట్టారు. సంచికి రెండు బారల దూరంలో గాలం వేసి, మరీ దగ్గరికి పోకుండా ఆగండి. సంచి చుట్టూ తిరిగే బొచ్చె ఒంటికి హుక్కు గుచ్చుకుంటే అది పట్టుబడి కింద లెక్క కాదు.

చేప ఒడ్డుకి వచ్చాక ఇక్కడి కుర్రాళ్ల పని చూడ్డానికే వెళ్లొచ్చు. రబ్బరు పూత వల, తడిపిన స్పాంజి పరుపు, తూకానికి తడి జోలె. జోలె బరువు ముందే తూచి తీసేస్తారు. పదిహేను కిలోలు దాటిన చేపని ఎవరు ఎంత బతిమాలినా ఎత్తనివ్వరు. "ఆయ్, ఎత్తకండి బాబూ, మీరే నీళ్లలోకి దిగండి, ఫొటో బెమ్మాండంగా వస్తుంది" అని నడుంలోతు నీళ్లలోకి దింపుతారు. పెద్ద చేప కడుపు బరువుని నీళ్లే మోస్తాయి, గాల్లోకి ఎత్తితే లోపలి అవయవాలు నలుగుతాయి. ఫంగస్ వీపు ముల్లు, పక్క ముళ్లు రంపంలా ఉంటాయి, అవి వలలో ఇరుక్కుంటే లాగకుండా వలనే కోస్తారు. వదిలేటప్పుడు కూడా చేపని ముందుకీ వెనక్కీ ఊపరు, వెనక్కి లాగితే మొప్పల్లోకి నీళ్లు ఎదురు తన్నుతాయి. ఏరేటర్ నీటి పోటుకి ఎదురుగా తల పెట్టి, తోక దానంతట అదే కొట్టేదాకా పట్టుకుంటారు. హుక్కు గాయానికి అయోడిన్ రాస్తారు, మొప్పల దగ్గర, రెక్కల సందుల్లో చేప పేను ఉందేమో చూస్తారు. పేను మందు వేసిన వారం చెరువు మూసేస్తామని ముందే ఫోన్ చేసి చెప్పడం కూడా బాగుంది.

చిన్న చెరువు అంత బాగా లేదు. ఆదివారాలు జనాన్ని లెక్క లేకుండా వదులుతున్నారు, పండుగప్పల్లో సగానికి మూతి చిరిగి ఉంది. లూర్లకి (నకిలీ ఎరలకి) మూడు ముళ్ల హుక్కులు తీసేసి ఒంటి హుక్కు పెట్టిస్తే, ఒకేసారి ఆరు రాడ్లకి మించి అనుమతించకపోతే ఇది బాగుపడుతుంది. చేప చస్తే కిలోల లెక్కన జరిమానా అనే నియమమూ తప్పే. జరిమానాకి భయపడి, వాలిపోయిన చేపని చెప్పకుండా నీళ్లలోకి తోసేసేవాళ్లుంటారు. వెంటనే చెబితే జరిమానా లేదంటే సగం చేపలు బతుకుతాయి.

ఎండాకాలం గురించి గట్టిగా చెప్పాలి. ఏటా వేసవిలో డెల్టా కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్లీ వదిలేదాకా చెరువుకి కొత్త నీళ్లుండవు. ఉన్న నీళ్లు ఆవిరై, ముదురు ఆకుపచ్చగా మారి, మధ్యాహ్నానికి పైనీళ్లు వేడెక్కిపోతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ ఇమిడే శక్తి తగ్గుతుంది, చేపకి అవసరం పెరుగుతుంది. అలాంటప్పుడు మధ్యాహ్నం పట్టిన గడ్డిచేప కళ్లముందు ఈదుకుంటూ పోయినా మర్నాటికి తేలుతుంది. అయినా మే నెలలో పొద్దంతా టికెట్లు అమ్ముతున్నారు, అదీ అదే రేటుకి. పొద్దున తొమ్మిదికల్లా ఆపేయాలి, లేదా ఆ నెలన్నర చెరువు మూసేయాలి. ఎర్రగుడ్డ నియమం పెట్టుకున్నవాళ్లకి ఇది చెప్పాల్సి రావడం బాధగా ఉంది.

రేట్లు: ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా రాడ్‌కి 2,500 రూపాయలు, అద్దె రాడ్ అయితే ఇంకో 800. గదులు శుభ్రం, దోమతెర ఉంది, రాత్రి గట్టు మీద లైట్లు చాలవు కాబట్టి టార్చి, బూట్లు తప్పనిసరి. భోజనంలో చేప బయటి మార్కెట్‌దే, ఈ చెరువుది కాదు.

రైల్లో వచ్చేవాళ్లకి ఆకివీడు స్టేషన్ దగ్గర, అక్కడ ఆటోలు దొరుకుతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రావచ్చు. చలి బాగా ఉన్న పొద్దున ఫంగస్ మందంగా ఉంటుంది, పదింటి తర్వాతే కదులుతుంది. సంక్రాంతి వారం భీమవరం చుట్టుపక్కల గది దొరకడమే కష్టం, ఇక్కడా అంతే. కార్తీక మాసంలో మాత్రం రద్దీ ఉండదు. సోమవారాలైతే పెద్ద చెరువు దాదాపు ఖాళీ, ఉత్తరం గట్టున తౌడు సంచుల ఎదురు చోటు అడిగి తీసుకోండి.