కౌలాలంపూర్ - సింగపూర్: విమానంలో గంట, బస్సులో ఎనిమిది

కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు ఆకాశమార్గాన దాదాపు 300 కిలోమీటర్లు, రోడ్డున 350. ఇంచుమించు హైదరాబాదు నుంచి ఏలూరు వెళ్లినంత. రెండు ఊళ్లలోనూ గడియారం ఒకటే. నేను, మా ఆవిడ, నాన్నగారు వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు బస్సు ఎక్కాం. ఆ బస్సువాళ్లు మా నాన్నగారిని పెట్టిన ఇబ్బంది మనసులోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

విమానం గాలిలో ఉన్నది 50 నిమిషాలే. టికెట్టు సామానుతో కలిపి 190 రింగిట్లు (మలేషియా డబ్బు). అయితే విమానాశ్రయం ఊరికి 50 కిలోమీటర్ల పైన, సెపాంగ్‌లో ఉంది. కౌలాలంపూర్ పెద్ద రైల్వే స్టేషను కేఎల్ సెంట్రల్ నుంచి ఎక్స్‌ప్రెస్ రైలు 28 నిమిషాల్లో చేరుస్తుంది గానీ మనిషికి 55 రింగిట్లు. కారుకు ముగ్గురికీ కలిపి 82 అయింది. ముగ్గురుంటే రైలు దండగ. కౌలాలంపూర్‌ బ్రిక్‌ఫీల్డ్స్‌లో గది ఖాళీ చేసినప్పటి నుంచి సింగపూర్‌లో సెరంగూన్ రోడ్డు దగ్గర మా చెల్లెలి గుమ్మం తొక్కేదాకా ఐదు గంటల పది నిమిషాలు పట్టింది.

సింగపూర్‌లో నాలుగు రోజులు హాయిగా గడిచాయి.

తిరుగు బస్సు టికెట్టు 35 సింగపూర్ డాలర్లు. కాళ్లు చాపుకునే సీట్లు, ఐదున్నర గంటల ప్రయాణం అన్నారు. శుక్రవారం సాయంత్రం మాత్రం ఎక్కకండి. సింగపూర్‌ను మలేషియాతో కలుపుతూ సముద్రం మీద 1924లో కట్టిన జొహోర్ కట్ట మీదుగా ఊరంతా అటే పోతుంది.

సింగపూర్ సరిహద్దులోని ఉడ్‌లాండ్స్ తనిఖీ కేంద్రంలో సామాను బస్సులోనే ఉంచి దిగమన్నారు. లోపల యంత్రం మీద బొటనవేలు పెట్టమన్నారు. నాన్నగారు నలభై ఏళ్లు పొలం పని చేసిన మనిషి, వేళ్ల మీద గీతలు అరిగి నున్నగా అయిపోయాయి. చొక్కా అంచుకు తుడిచి పెట్టారు, నోటితో ఊది పెట్టారు. ప్రతిసారీ ఎర్ర దీపమే. ఒక ఉద్యోగిని విసుక్కోకుండా ఆయన చెయ్యి పట్టుకుని వేరే కౌంటరుకు తీసుకువెళ్లింది. మొత్తం 35 నిమిషాలు.

కిందికి వస్తే బస్సు లేదు. నాన్నగారి షుగరు మాత్రల సంచి అందులోనే ఉంది. ఫోను చేస్తే, ‘20 నిమిషాలు ఆగాం, అదే నియమం’ అన్నారు. టికెట్టు అమ్మేటప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు. ముగ్గురు ఎక్కలేదని తెలిసీ వెళ్లిపోయారు. మా ఆవిడ ఫోను లాక్కుని గట్టిగా అడిగింది, అవతల పెట్టేశారు. నాన్నగారు ‘నా వల్లే కదరా’ అని నాలుగైదు సార్లు అన్నారు. బస్సు పోయినందుకు కాదు, ఆ మాటకు నాకు కడుపు మండింది.

వేరే కంపెనీ డ్రైవరు, తమిళాయన, డబ్బులు తీసుకోకుండా మమ్మల్ని కట్ట దాటించాడు. మా బస్సు అవతలి వరుసలోనే ఇరుక్కుని ఉంది. డ్రైవరు మా ముఖం కూడా చూడలేదు. ఐదున్నరకు ఎక్కినవాళ్లం కౌలాలంపూర్‌లో దిగేసరికి రాత్రి ఒంటిగంట యాభై.

లెక్క చూస్తే బస్సు ఎక్కినందుకు మనిషికి మిగిలింది సుమారు 100 రింగిట్లు. పెద్దవాళ్లు వెంట ఉంటే విమానమే ఎక్కండి. ఈ రెండు ఊళ్ల మధ్య గంటన్నరలో చేర్చే రైలు వేస్తామని ఒప్పందం చేసుకుని 2021 జనవరిలో రద్దు చేశారు. అది ఉంటే ఎంత బాగుండేదో! బస్సు తప్పనిసరైతే వారం మధ్యలో పొద్దున్నే బయలుదేరండి, సరిహద్దులో ఎన్ని నిమిషాలు ఆగుతారో ముందే అడగండి, మందులు చేతిలో ఉంచుకోండి. కంపెనీకి రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. నాన్నగారు ఇప్పుడు పక్క వీధికి వెళ్లినా రెండు పూటల మాత్రలు చొక్కా జేబులో పెట్టుకుంటున్నారు.