బ్రెయిడ్స్ వేయించుకోబోతున్నారా? ‘రెండు రోజుల్లో సర్దుకుంటుంది’ అంటే కుర్చీలోంచి లేచిపోండి

నడుము దాకా సన్నటి బాక్స్ బ్రెయిడ్స్, అంటే తలంతా చిన్న చిన్న గడులుగా పాపిటలు తీసి, విడి జుట్టు కలిపి అల్లే జడలు, వేయించుకోవాలని నాకు చాలా రోజుల కోరిక. వేయించుకున్నాను. తొమ్మిదో రోజు రాత్రి చెల్లెలూ నేనూ కూర్చుని ఒక్కొక్కటే విప్పేశాం. ఎడమ కణత దగ్గర వేలి వెడల్పున జుట్టు పలచబడి చర్మం కనిపిస్తోంది. తప్పు సెలూన్ వాళ్లది మాత్రమే కాదు, అడగాల్సినవి అడగకుండా వెళ్లి కూర్చున్న నాది కూడా. మీరైనా అడుగుతారని ఇదంతా రాస్తున్నాను. సెలూన్ పేరు రాయను, అడగకండి. ఇలాంటివి ఎక్కడైనా జరుగుతాయి.

ముందు డబ్బుకు సంబంధించిన మోసం చెప్తాను. నాకు కలిపి అల్లేది హండ్రెడ్ పర్సెంట్ హ్యూమన్ హెయిర్ అన్నారు, దానికి తగ్గట్టే బిల్లు వేశారు. నేను వెళ్లేసరికి ప్యాకెట్లేమీ లేవు. ట్రేలో పాయలు ముందే విడదీసి, వరసగా పరిచి ఉన్నాయి. ‘మీ టైమ్ కలిసొస్తుందని రెడీ చేసి పెట్టాం మేడమ్’ అన్నారు. ఎంత శ్రద్ధో అని మురిసిపోయాను కూడా. ఇంటికొచ్చాక కొసల్లో ప్లాస్టిక్ మెరుపులాంటిది కనిపించి అనుమానం వచ్చింది. జడ చివర నుంచి నాలుగు పోగులు కత్తిరించి, సింకు మీద చిమటాతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించాను. మనిషి వెంట్రుక అయితే చురచుర కాలి, ఈకలు మాడిన కంపు కొట్టి, వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. ఇది అలా కాలేదు. ముడుచుకుపోయి, మంట తీయగానే ఆరిపోయి, చివర నల్లటి గట్టి పూస కట్టింది. గోటితో నొక్కినా చిట్లలేదు. కాలిన ప్లాస్టిక్ వాసన మాత్రం చాలాసేపు పోలేదు.

ఇక్కడొక మాట చెప్పాలి. సింథటిక్ జుట్టు వాడటమే తప్పని నేననను. నిజానికి బాక్స్ బ్రెయిడ్స్‌కి చాలాచోట్ల వాడేది అదే. జపాన్‌కి చెందిన కనెకా కంపెనీ తయారుచేసే కనెకలాన్ అనే మోడాక్రిలిక్ (ఒక రకం సింథటిక్) పోగు ఈ పనికి బాగా ప్రసిద్ధం. అసలు జుట్టు జారుతుంది, సింథటిక్‌కి పట్టు ఉంటుంది, కొసలు వేడినీళ్లలో ముంచితే ఊడిపోకుండా నిలుస్తాయి. కాబట్టి హ్యూమన్ హెయిర్ అని ఎవరైనా గొప్పగా చెప్తే, బాక్స్ బ్రెయిడ్స్‌కి అదెందుకని మీరే ఎదురు అడగొచ్చు. నా బాధల్లా ఒకటి చెప్పి ఇంకొకటి అల్లడం. ఏది అల్లుతున్నారో తెలిస్తే కదా ఎలా చూసుకోవాలో తెలిసేది.

ఆ పోగు మీద ఉండే పూత కొందరికి పడదు, నెత్తి దురద పెడుతుంది. తెలిసినవాళ్లు అల్లే ముందు వెనిగర్ కలిపిన నీళ్లలో నానబెట్టి, తెల్లటి పొర తేలాక శుభ్రంగా కడిగి ఆరబెడతారు. నాకు ఆ పని ఎవరూ చేయలేదు. హ్యూమన్ హెయిర్ అన్నాక చేయాలని నేను మాత్రం ఎందుకు అడుగుతాను? ఇంకోటి కూడా తెలిసి ఉండాలి. అమెరికాలోని కన్జ్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2025లో జడలకు వాడే సింథటిక్ జుట్టు ఉత్పత్తులు 10 తీసుకుని పరీక్షిస్తే, పదింటిలోనూ క్యాన్సర్ కారకాలు, తొమ్మిదింటిలో సీసం కనిపించాయి. పెట్టుకున్నవాళ్లందరికీ జబ్బొస్తుందని దీనర్థం కాదు. కానీ వారాల తరబడి నెత్తి మీద ఉండే వస్తువు ఏమిటో, ఎవరు తయారుచేశారో అడగడం చాదస్తం మాత్రం కాదు. ప్యాకెట్ తెరవగానే ఘాటు వాసన కొడితే నేనైతే వద్దంటాను. కొసలు వేడినీళ్లలో ముంచేటప్పుడు కిటికీలు తీయమనండి.

ఇక అసలు సంగతి, బిగువు.

ఆరు గంటలు కూర్చున్నాను. మొదటి గంటలోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. నుదురు పైకి లాక్కుపోయి కనుబొమ్మలు ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టు అయిపోయాయి. ఫొటోలో భలే ఉన్నానని ఇద్దరు మెచ్చుకున్నారు కూడా! ‘కొంచెం వదులు చేస్తారా’ అని రెండుసార్లు అడిగాను. ‘కొత్తలో అందరికీ ఇంతే మేడమ్, రెండు రోజుల్లో సర్దుకుంటుంది. వదులుగా వేస్తే తొందరగా పాడైపోయాయని మళ్లీ మీరే అంటారు’ అన్నారు. నేను నోరు మూసుకున్నాను. ఆ రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకున్నా తల కింద గులకరాళ్లు పరిచినట్టే ఉంది. బోర్లా పడుకుని, దిండు మీద గడ్డం ఆనించి తెల్లవార్లూ మెలకువగా ఉన్నాను.

రెండు రోజుల్లో సర్దుకుంది కూడా, నొప్పి వరకు. అక్కడే నేను మోసపోయాను. నొప్పి తగ్గిందని కుదుళ్లు కుదుటపడ్డాయి అనుకున్నాను. మూడో రోజుకి కణతల దగ్గర, చెవుల వెనక ఆవగింజంత తెల్లటి పొక్కులు లేచాయి. ఐదో రోజు పాపిట గీతల వెంట తెల్లటి నలకలు కనిపిస్తే పేలు పట్టాయేమో, ఇవి ఈపులేమో అని గుండె గుభేలుమంది. చెల్లెలు ఫోన్ లైటు వేసి గోటితో కదిపి చూసి, ‘అక్కా, ఇవి జారుతున్నాయే’ అంది. ఈపి వెంట్రుకని అతుక్కుని ఉంటుంది, అంత తేలిగ్గా కదలదు. ఇవేమో వెంట్రుకకి తొడిగిన సన్నటి గొట్టాల్లా పైకీ కిందికీ జారుతున్నాయి. తర్వాత చర్మ డాక్టర్ చెప్పారు, వీటిని హెయిర్ కాస్ట్స్ అంటారట. కుదురు మీద లాగుడు ఎక్కువైనప్పుడు కుదురు చుట్టూ ఉండే పొర ఊడి ఇలా బయటికి వస్తుందట. పొక్కులూ ఈ నలకలూ కలిసి కనిపించాయంటే జుట్టు ఇక ఊడబోతోందని ముందే చెప్తున్నట్టు. నేను మాత్రం చుండ్రు షాంపూ కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను.

ఆరో రోజు సెలూన్‌కి వెళ్తే మూస్ (జుట్టుకి రాసే నురగ) రాసి, స్ప్రే కొట్టి పంపేశారు. పొక్కులు చూపిస్తే ‘మీది సెన్సిటివ్ స్కిన్’ అన్నారు. తప్పు నా చర్మానిదైపోయింది. తొమ్మిదో రోజు అద్దం ముందు నిలబడి కణత దగ్గరి జడని ఇలా పక్కకి తీశానంతే, అది ఊడి చేతిలోకి వచ్చేసింది, దాంతోపాటు నా వెంట్రుకలు కుదుళ్లతో సహా. ఆ రాత్రే మిగతావన్నీ విప్పేశాం.

విప్పాక చేతిలోకి వచ్చిన జుట్టు ఉండని చూసి చెల్లెలు ఏడ్చినంత పని చేసింది. దాని గురించి మాత్రం కంగారు పడక్కర్లేదు. మామూలుగానే రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. జడల్లో అవి రాలిపోకుండా లోపలే ఇరుక్కుంటాయి. తొమ్మిది రోజులకి లెక్కేస్తే 450 నుంచి 900, ఆరు వారాలైతే 2,000 నుంచి 4,000 దాకా అవుతాయి. విప్పినప్పుడు అవన్నీ ఒకేసారి వచ్చేసరికి సగం తల పోయినట్టు అనిపిస్తుంది. భయపడాల్సింది ఉండ ఎంతుందని కాదు, నుదుటి అంచులో, కణతల్లో, చెవుల పైన పలచబడిందా అని.

ఇలా లాగుడు వల్ల ఊడటాన్ని ట్రాక్షన్ అలొపీసియా అంటారు. ఇది కొత్త జబ్బేమీ కాదు. గ్రీన్‌లాండ్ ప్రజల్లో జుట్టుని వెనక్కి బిగించి కట్టుకునేవాళ్లకి నుదుటి అంచున జుట్టు పోవడాన్ని 1907లోనే వైద్య రచనల్లో నమోదు చేశారు. మొదట్లోనే లాగుడు ఆపేస్తే జుట్టు తిరిగి వస్తుంది. అలాగే నెలలు, ఏళ్లు కొనసాగిస్తే కుదురు మచ్చకట్టి మూసుకుపోతుంది, అక్కడిక మొలవదు. కాబట్టి పొక్కులు కనిపిస్తే ‘డబ్బులు పెట్టాను కదా, ఈ నెలంతా ఉంచుకుందాం’ అనుకోకండి. నాకూ ఆ ఆలోచనే వచ్చింది, అందుకే ఆరు రోజులు ఆలస్యమైంది.

మళ్లీ వెళ్లాల్సి వస్తే ఈసారి ఎలా వెళ్తానో చెప్తాను. జుట్టు ప్యాకెట్లు నా కళ్ల ముందే తెరవమంటాను, ఎన్ని వాడుతున్నారో లెక్కపెడతాను. ఎందుకంటే పొడవు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది, తల తడిస్తే ఆ బరువు ఇంకా ఎక్కువ, మోసేది పాపం ఆ కుదుళ్లే. నడుము దాకా వద్దు, భుజం కిందికి ఉంటే చాలంటాను. పాయలు మరీ సన్నగా తీయొద్దంటాను. పిడికెడు వెంట్రుకలు మోయాల్సిన బరువు పది వెంట్రుకల మీద పడితే అవి తెగక ఏం చేస్తాయి? ముడి వేసి మొదలుపెడతారా, నాట్‌లెస్ పద్ధతా అని అడుగుతాను. నాట్‌లెస్‌లో మన జుట్టుతోనే అల్లిక మొదలై, కలిపే జుట్టు కొద్దికొద్దిగా కిందికి వెళ్లేకొద్దీ చేరుతుంది. కుదురు దగ్గర ముడి బరువు ఉండదు కాబట్టి లాగుడు తక్కువ. టైమ్ ఎక్కువ పడుతుందని కొందరు వద్దంటారు, వినొద్దు. అయితే నాట్‌లెస్ అయినా బిగించి వేస్తే జరిగేది ఇదే. మొదటి రెండు జడలు కణత దగ్గరే వేయించుకుని, కనుబొమ్మలు పైకి కిందికి ఆడించి చూడండి. లాగుతుంటే అక్కడే చెప్పండి. వినకపోతే ఆ రెండు జడలు విప్పించుకుని వచ్చేయొచ్చు, మొత్తం తల అయ్యాక ఆ ధైర్యం ఉండదు. నుదుటి మీది నూగు వెంట్రుకల్ని జడలోకి లాగనివ్వకండి. ఈమధ్యే స్ట్రెయిటెనింగో కలరింగో చేయించుకున్నవాళ్లు తొందరపడకండి, ఆ జుట్టు అప్పటికే బలహీనంగా ఉంటుంది.

నిజం చెప్పాలంటే స్టైల్ కోసం సవరం కట్టాల్సిన పనే లేని జడలు బోలెడున్నాయి. నేనిప్పుడు వేసుకుంటున్నవి అవే. ఫ్రెంచ్ జడ తెలిసినవాళ్లకి డచ్ జడ ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది. పాయని మీదుగా కాకుండా కిందుగా తిప్పాలి, అంతే, జడ తల మీద ఉబ్బెత్తుగా లేచి కనిపిస్తుంది. అల్లాక అంచుల్ని వేళ్లతో కొంచెం కొంచెం బయటికి లాగి వదులు చేస్తే పలచటి జుట్టు కూడా ఒత్తుగా అనిపిస్తుంది, కుదుళ్లకీ సుఖం. చేపముల్లు జడకి రెండే పాయలు. ఒక్కోవైపు అంచు నుంచి సన్నటి పోగు తీసి రెండోవైపు కలుపుకుంటూ పోవడమే. చేతులు నొప్పెడతాయి కానీ చూడ్డానికి దాని అందం దానిదే. బబుల్ జడ అనేదాంట్లో అసలు అల్లికే లేదు, జుట్టుని మెత్తటి బ్యాండ్లతో అక్కడక్కడా కట్టి మధ్యలో ఉబ్బించడమే. ఆఫీసుకి లేటైన రోజు నాకు అదే దిక్కు. కార్న్‌రోస్ (తల మీదే వరసలుగా అల్లే సన్న జడలు) మాత్రం అనుభవమున్న చేత్తోనే వేయించుకోండి. అవి నెత్తికి అంటుకుని ఉంటాయి, బిగిస్తే తప్పించుకునే చోటుండదు.

సవరం కలిపిన జడలు ఇప్పటికే వేయించుకుని ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల్లోపు విప్పేయండి. జుట్టు నెలకి దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. రెండు నెలలయ్యేసరికి జడ కుదురుకి దూరంగా జారి వేలాడుతూ, కొత్తగా పెరిగిన భాగాన్ని మెలితిప్పేస్తుంటుంది. అన్నాళ్లూ తల స్నానం మానేయాలనేది పెద్ద అబద్ధం. షాంపూని నీళ్లలో కలిపి, సన్న మూతి సీసాతో పాపిట గీతల్లో పోసి, వేళ్ల కొసలతో మెల్లగా రుద్దండి. జడల్ని బట్టలు పిండినట్టు పిండకండి, టవల్‌తో అద్దండి. తర్వాత లోపలిదాకా ఆరాలి, ఇది ముఖ్యం. పైకి పొడిగా ఉన్నా జడ మధ్యలో తడి నిలిస్తే ముక్కిన వాసన వస్తుంది, ఆ వాసన ఒకసారి పట్టిందంటే విప్పేదాకా వదలదు. నూనె పేరుతో గిన్నెడు పోయకండి, పాపిటల్లో రెండు చుక్కలు చాలు. రాత్రి సాటిన్ స్కార్ఫ్ కట్టుకోండి. జడలన్నీ కలిపి నడినెత్తిన పెద్ద ముడి వేయడం ఫొటోకి బాగుంటుంది కానీ ఉన్న లాగుడుకి అది ఇంకో లాగుడు.

విప్పేటప్పుడు మేం చేసిన తప్పు ఒకటుంది. తొందరలో విప్పగానే తల తడిపేశాం. జడ మొదట్లో పేరుకున్న మురికి, రాలిన వెంట్రుకలు, తడి అన్నీ కలిసి పీచులా గట్టిగా చుట్టుకున్నాయి. రెండు చిక్కులు కత్తిరించక తప్పలేదు. విప్పిన ప్రతి జడనీ పొడిగా ఉండగానే, కండిషనర్ కొంచెం రాసి, ముందు వేళ్లతో, తర్వాత పెద్ద పళ్ల దువ్వెనతో కొసల నుంచి పైకి విడదీసుకుంటూ వెళ్లాలి. తల స్నానం ఆ తర్వాతే.

కాల్చిన పోగు ఫొటో, కణత ఫొటో, బిల్లు మూడూ పంపితే సెలూన్ వాళ్లు రెండు రోజులకి జవాబిచ్చారు. ఇంకోసారి ఉచితంగా వేస్తారట, ఈసారి వదులుగా. డబ్బు వెనక్కి ఇవ్వమని రాతపూర్వకంగా అడిగాను, ఇంకా ఏమీ తేలలేదు. డాక్టర్ మూడు నెలలు జుట్టు వదులుగా ఉంచమన్నారు. ఇప్పుడు ఐదో వారం. కణత దగ్గర వేలితో తడిమితే గరుకుగా చిన్న మొలకలు తగులుతున్నాయి.