మందపు చెక్క కోయడానికి జిగ్‌సా కొనేవారికి హెచ్చరిక

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో పనిముట్లు కొనే అలవాటున్నవారికి నేను ఏ దుకాణం గురించి రాస్తున్నానో ఇట్టే తెలిసిపోతుంది కనుక పేరు రాయడం లేదు. గోడ నిండా అన్ని కంపెనీల పెట్టెలూ పేర్చి, ‘మీరు కాబట్టి ఈ ధర’ అని ప్రతి ఒక్కరితోనూ అనే దుకాణమే అది.

ముందు జరిగింది క్లుప్తంగా చెబుతాను. భోజనాల బల్ల కాళ్లకోసం టింబరు డిపోలో మూడంగుళాల చదరపు టేకు దుంగలు తీసుకున్నాను. వాటిని కొలతకు అడ్డంగా కోయాలి, కోసిన కొన నాలుగు వైపులా మూలమట్టానికి సరిపోవాలి, లేకపోతే బల్ల నేలమీద కుదురుగా నిలవదు. ఈ సంగతంతా విడమరచి చెప్పిన తరువాతే జిగ్‌సా, అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం, చూపించమన్నాను. యజమాని పెట్టె మీద అచ్చువేసిన అంకెను వేలితో చూపించి, ‘చెక్కలో 110 మిల్లీమీటర్ల దాకా కోస్తుంది సార్, మీ మూడంగుళాలు దీనికి ఒక లెక్కా’ అన్నాడు. బ్లేడ్లు కూడా తనే ఎంచి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి కోస్తే పైముఖం మీద గీసిన గీత వెంట బ్లేడు బుద్ధిగానే నడిచింది. దుంగను తిరగేసి చూస్తే అడుగున కోత అయిదారు మిల్లీమీటర్లు పక్కకు పోయి ఉంది. పైన గీత, కింద ఏటవాలు. ఆ కాళ్ల మీద బల్ల నిలబెడితే అన్నం పళ్లాలు జారి ఒడిలోకే వచ్చేవి.

అయినా ఇది రాయడానికి అసలు కారణం ఆ కోత కాదు, ఆ తరువాత దుకాణంలో జరిగిన మర్యాద. యంత్రాన్ని, చెడిన ముక్కను, మూలమట్టాన్ని సంచిలో పెట్టుకొని వెళ్లాను. యజమాని ముక్కను అందుకొని పైముఖం మాత్రమే చూసి, ‘గీత మీదనే తెగింది కదా సార్, ఇంకేం కావాలి’ అన్నాడు. ముక్కను పక్కకు తిప్పి మట్టం ఆనించి చూపించబోతే, నా చేతిలోని మట్టాన్ని తీసి కౌంటరు కింద పెట్టేశాడు. తరువాత పనికుర్రాణ్ణి పిలిచి, మూలన పడి ఉన్న 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కను తెప్పించి, కొనడానికి వచ్చిన నలుగురూ చూస్తుండగా దాన్ని సరసరా కోయించాడు. ప్లైవుడ్ నిటారుగానే తెగినట్టు కనబడింది. కనబడక ఏమవుతుంది? నా దుంగలో అడుగున వచ్చిన తేడాను అదే వాలుతో 12 మిల్లీమీటర్ల మందానికి లెక్కగడితే ఒక మిల్లీమీటరు కూడా రాదు, దుకాణం వెలుతురులో అది ఏ కంటికీ ఆనదు. మందం చెక్క మీద కోసి చూపించమని అడిగితే, ‘మిషన్‌కు ఏ రోగమూ లేదు సార్, రోగం చేతిలో ఉంది, ఇలాంటి పని మేస్త్రీకి ఇచ్చుకోవాలి’ అని నవ్వాడు. ఆయన నవ్వితే కుర్రాడూ నవ్వాడు, వాళ్లను చూసి పక్కనున్న కొనుగోలుదారూ నవ్వాడు. ఆ పెద్దమనిషి అప్పటికే అదే రకం పెట్టె చంకలో పెట్టుకొని ఉన్నాడు, ఆయనకు నా సానుభూతి.

మా వీధిలోని వడ్రంగి ఆ యంత్రాన్ని చేతిలోకి తీసుకోగానే చెప్పిన సంగతులు ఆ యజమానికి తెలియనివని నేను నమ్మను. జిగ్‌సా బ్లేడును యంత్రం పైకొన దగ్గర మాత్రమే పట్టుకుంటుంది, కింది కొనకు ఏ ఆధారమూ ఉండదు. చెక్క మందం పెరిగేకొద్దీ, చేత్తో ముందుకు నెట్టేకొద్దీ, ఆ కొన చెక్క నార ఎటు లాగితే అటు ఒరుగుతుంది. అందుకే బ్లేడు వీపును ఆనుకొని ఒక చిన్న రోలరు ఉంటుంది. నాకు అమ్మిన యంత్రంలో ఆ రోలరుకూ బ్లేడుకూ మధ్య సందు కనబడుతోంది. వాలు మార్చుకునే అడుగు పలకను సున్నా గుర్తు దగ్గర బిగించి మూలమట్టం పెడితే బ్లేడు అప్పటికే ఒరిగి ఉంది, అంటే ఆ యంత్రం ప్లైవుడ్‌ను కూడా సరిగ్గా నిటారుగా కోయదు, తేడా కనబడదంతే. బ్లేడును ముందుకూ వెనక్కూ ఊపే పెండ్యులం మీట చివరి అంకె మీద ఉంది. వేగంగా కోయడానికి అది పనికొస్తుంది గాని, నిటారు కోత కావలసినవాళ్లు దాన్ని సున్నాలో పెట్టుకోవాలి. ఆ మాట దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

బ్లేడ్ల సంగతి ఇంకా విచిత్రం. మూడంగుళాల చెక్కను కోయాలంటే బ్లేడు పైకి లేచినప్పుడు కూడా దాని కొన చెక్క అడుగునుంచి బయటే ఉండాలి. లేకపోతే కొన లోపల గుద్దుకొని బ్లేడు వంగుతుంది. ఆయన ఎంచి ఇచ్చినవి రెండంగుళాల చెక్కకు సరిపోయే మామూలు పొడవువి, రెండు వేళ్లతో నొక్కితే విల్లులా వంగే పలుచనివి. నిటారు కోతకోసమే మందమైన ఒంటితో చేసిన బ్లేడ్లు వస్తాయి, పొడవైనవీ దొరుకుతాయి. ఇక పెట్టె మీది 110 అన్నది బ్లేడు ఎంత లోతుకు చేరగలదో చెప్పే అంకె, కోత ఎంత నిటారుగా వస్తుందో చెప్పేది కాదు. ఆ అంకెను అడ్డం పెట్టుకొని, నేను స్పష్టంగా అడిగిన పనికి ఈ యంత్రాన్ని అంటగట్టడాన్నే నేను మోసం అంటున్నాను.

డబ్బు వాపసు అడిగితే చీటీ తిప్పి ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న ముద్ర చూపించాడు. అది కచ్చా చీటీ. పన్ను కలిసివస్తుందని దానికి తలూపిన నా పొదుపుకు చప్పట్లు కొట్టాలి. అయితే ఆ ముద్రకు ఆయన అనుకున్నంత బలం లేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమూ, లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కు తీసుకోకపోవడమూ అనుచిత వ్యాపార పద్ధతులే. ఫోనులో చెల్లించిన రుజువు, ఏటవాలు ముక్క ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రం 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను, అయిదు లక్షల రూపాయల లోపు కేసుకు రుసుము కూడా లేదు.

కొనబోయేవారు మీరు కోయబోయే మందం చెక్క ముక్కనూ, మీ సొంత మూలమట్టాన్నీ వెంట తీసుకెళ్లండి. డబ్బు ఇవ్వకముందే ఆ ముక్కను కోయించి, అడుగు ముఖం చూడండి. ప్లైవుడ్ తెప్పిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయండి. ఇప్పటికే జిగ్‌సా ఉన్నవారు దుంగకు నాలుగు వైపులా గీత గీసి, రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి, నెట్టకుండా నెమ్మదిగా కోసి, మిగిలినది చిత్రిక పట్టుకోవడం మేలు. నా మిగతా కాళ్లను వడ్రంగి చేతిరంపంతో కోసి ఇచ్చాడు, మట్టానికి వెంట్రుకవాసి తేడా లేదు.