ఎలక్ట్రిక్ కారు రివ్యూ: బండికి నాలుగు స్టార్లు, బలవంతానికి రెండు

ఎలక్ట్రిక్ కార్ల మీద రివ్యూలు చూస్తే రెండే రకాలు కనపడతాయి, ఒకటి భజన, రెండోది శాపనార్థాలు, మధ్యలో ఎవరూ ఉండరు. భజన బ్యాచ్‌కి పెట్రోల్ బండి నడిపే ప్రతివాడూ భూమిని తగలబెట్టే రాక్షసుడే, రెండో బ్యాచ్‌కి ఈవీ అంటే ప్రభుత్వాలూ కంపెనీలూ కలిసి ఆడుతున్న నాటకం. నా దగ్గరున్నది మీడియం సైజ్ కారు, 50 కిలోవాట్ అవర్ (అంటే 50 యూనిట్ల కరెంటు పట్టే) ఎల్‌ఎఫ్‌పి, అదే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం బ్యాటరీ, రోజూ ఆఫీసుకి అదే, అప్పుడప్పుడు హైవే ఎక్కేదీ అదే. కంపెనీ పేరు అనవసరం, నేను చెప్పేది ఈ సైజులో ఏ ఈవీకైనా దాదాపు సరిపోతుంది.

ముందు నడపడం సంగతి. సూపర్. సిగ్నల్ దగ్గర్నుంచి కదిలేటప్పుడు గేర్లు లేవు, క్లచ్ లేదు, ఊగుడు లేదు, తొక్కగానే లాగేస్తుంది. యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే మోటరే జనరేటర్‌లా తిరిగి బండిని స్లో చేస్తూ బ్యాటరీలోకి కరెంటు వెనక్కి పంపిస్తుంది, దీన్నే రీజెన్ అంటారు, ట్రాఫిక్‌లో బ్రేకు మీద కాలు పెట్టే పనే చాలా తగ్గిపోతుంది. కాకపోతే రీజెన్ ఫుల్లుగా పెడితే వెనక సీట్లో కూర్చున్నవాళ్ళకి కడుపులో తిప్పుతుంది, ఇది షోరూంలో ఎవరూ చెప్పరు, ఇంట్లోవాళ్ళు ఎక్కినప్పుడు తక్కువలో పెట్టుకోండి. టైర్లు మాత్రం పెట్రోల్ బండి కంటే తొందరగా అరుగుతాయి, బ్యాటరీ వల్ల బరువెక్కువ, పైగా ఆ లాగుడు ఒకటి.

రేంజ్, అంటే ఒక్క ఫుల్ ఛార్జ్‌కి ఎంత దూరం వస్తుందన్నది. బ్రోచర్‌లో అంకె చూసి లెక్కలేసుకోకండి. అది అబద్ధమని కాదు, టెస్ట్ అలాంటిది. యూరప్‌లో వాడే డబ్ల్యూఎల్‌టీపీ టెస్ట్ ల్యాబ్‌లో రోలర్ల మీద, 23 డిగ్రీల దగ్గర చేస్తారు, మొత్తం సైకిల్ సగటు స్పీడు గంటకి 46 కిలోమీటర్లు చిల్లర. మనం హైవే మీద 110లో పోతాం. స్పీడు రెండింతలైతే గాలి అడ్డం నాలుగింతలు, అందుకే సిటీలో ఎక్కువ దూరం వచ్చే ఇదే బండి హైవేలో చప్పున దిగిపోతుంది, పెట్రోల్ బండికి సరిగ్గా ఉల్టా అన్నమాట. చలి ఎక్కువుంటే ఇంకా తగ్గుద్ది, ఎందుకంటే పెట్రోల్ ఇంజిన్‌లో ఎలాగూ వృథాగా పోయే వేడితోనే హీటర్ నడుస్తుంది, ఇక్కడ ఆ వేడి కూడా బ్యాటరీలోంచే రావాలి.

ఇక ఛార్జింగ్. అసలు రివ్యూ ఇక్కడే ఉంది.

ఇంట్లో సొంత పార్కింగ్ ఉంటే ఈవీ అంత సుఖం ఇంకోటి లేదు. మామూలు ప్లగ్‌కి పెట్టి 3 కిలోవాట్ల లెక్కన రాత్రి ఎనిమిది గంటలు వదిలేస్తే పొద్దున్నకి 24 యూనిట్లు ఎక్కుతాయి, కాస్త వృథా తీసేసినా రోజువారీ తిరుగుడికి ఎక్కువే. కానీ కొనేముందు ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించుకోండి, ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే ఛార్జర్ ఎర్రలైట్ వేసి కూర్చుంటుంది, కారు కరెంటే తీస్కోదు, మీరు బండి పాడైందని సర్వీస్ సెంటర్‌కి ఫోన్లు చేస్తుంటారు. అపార్ట్‌మెంట్ అయితే మీటరు ఎవరిది, వైరు ఎక్కణ్ణుంచి లాగాలి, మంటలు వస్తే ఎవరిది బాధ్యత, దీని మీద అసోసియేషన్ మీటింగులో జరిగే గొడవ బండి కొనడం కంటే పెద్ద ప్రాజెక్టు.

అద్దెకుండేవాళ్ళు, రోడ్డు మీద బండి పెట్టుకునేవాళ్ళు ఏం చెయ్యాలి? పబ్లిక్ ఛార్జర్. అక్కడ మొదలవుద్ది అసలు కథ. ఒక్కో నెట్‌వర్క్‌కి ఒక్కో యాప్, ఒక్కో వాలెట్, అందులో ముందే డబ్బులేసి ఉంచాలి, ఓటీపీ రాదు, మ్యాప్‌లో పచ్చగా కనపడిన ఛార్జర్ దగ్గరికి పోతే స్క్రీన్ మీద ఎర్రర్, లేదంటే ఆ స్లాట్‌లో డీజిల్ బండి పెట్టి ఎవరో టీ తాగడానికి పోయుంటాడు. అన్నీ కలిసొస్తే 10 నుంచి 80 శాతం దాకా అరగంట, నలభై నిమిషాల్లో ఎక్కుతుంది. 80 దాటాక బ్యాటరీయే తనను కాపాడుకోడానికి కరెంటు తగ్గించి తీస్కుంటుంది, మిగతా 20కి దాదాపు అంతే టైం పట్టొచ్చు. మన వెనక ఇంకో రెండు కార్లు క్యూలో ఉండగా వంద దాకా పెట్టుకుని సీట్లో నిద్రపోయే మహానుభావులకి ఒక నమస్కారం.

నా సర్వీస్ అనుభవం కూడా చెప్తా. పెద్ద బ్యాటరీ నిక్షేపంగా ఉంది గానీ చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోయింది, అంతే, డోర్ తెరుచుకోదు, స్క్రీన్ రాదు, కారు మొత్తం రాయిలా పడుంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే సాఫ్ట్‌వేర్ ప్రాబ్లం సార్ అన్నారు, తర్వాత ల్యాప్‌టాప్ ఉన్న అబ్బాయి లీవులో ఉన్నాడన్నారు. పాత మెకానిక్‌కి ఈ బండి మీద చెయ్యి పెట్టే ట్రైనింగ్ లేదు, హై వోల్టేజ్ కాబట్టి పెట్టకూడదు కూడా. నూనె మార్పిడి, క్లచ్ ప్లేట్లు, టైమింగ్ బెల్టు ఇవేవీ లేవు నిజమే, కానీ ఆగిపోయిన రోజు మాత్రం మనకి దిక్కు ఒక్కటే షెడ్డు.

ఇప్పుడు మా బావ దగ్గరికొద్దాం. నేను బండి కొన్నప్పట్నుంచి కలిసినప్పుడల్లా ఒకటే, "ఏం బావా, నీ బొమ్మకారు ఇంకా నడుస్తుందా?" ఆయన అనుమానాల్లో కొన్ని గాలి మాటలు, కొన్ని గట్టివి. బ్యాటరీ మూడేళ్ళకి పోతుందంట, ఇది గాలి మాట, చాలా కంపెనీలు 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి. అయితే ఈ భయం ఊరికే పుట్టలేదు, మొదటి తరం నిస్సాన్ లీఫ్ అనే ఎలక్ట్రిక్ కారులో బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ లేక అమెరికాలో అరిజోనా లాంటి వేడి ప్రాంతాల్లో రేంజ్ పడిపోయి 2012లో పెద్ద గొడవే అయింది. కరెంటు పోతే ఏం చేస్తావ్ అంటాడు, పెట్రోల్ బంకులో పంపు కూడా కరెంటు మీదే నడుస్తుంది బావా అంటే టాపిక్ మార్చేస్తాడు. మంటల సంగతి కొంచెం సీరియస్. అంటుకోవడం అరుదే గానీ అంటుకుంటే ఆర్పడం కష్టం, ఆరిందనుకున్నాక మళ్ళీ రాజుకోవచ్చు, అందుకే ఎల్‌ఎఫ్‌పి బ్యాటరీ ఎంచుకున్నా, అది వేడికి కాస్త ఎక్కువ తట్టుకుంటుంది. అందులో కోబాల్ట్ కూడా ఉండదు. ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో మూడింట రెండొంతుల పైనే కాంగో నుంచి వస్తుంది, అక్కడి గనుల్లో పిల్లలు పనిచేస్తున్నారన్నది కట్టుకథ కాదు, పచ్చ స్టిక్కర్ అంటించుకున్నంత మాత్రాన అది మాసిపోదు.

బొగ్గు కరెంటుతో నడిపితే ఇంక గ్రీన్ ఏంటి అనేది అందరూ అడిగే ప్రశ్న, అడగాల్సిన ప్రశ్న కూడా. బ్యాటరీ తయారీలో అయ్యే కాలుష్యం వల్ల కొత్త ఈవీ ఫ్యాక్టరీ నుంచే పెట్రోల్ కారు కంటే ఎక్కువ అప్పుతో బయటికొస్తుంది. తర్వాత నడిపేకొద్దీ ఆ అప్పు తీరుతుంది, ఎంత తొందరగా అన్నది మీ గ్రిడ్‌ని బట్టి, అంటే మీకొచ్చే కరెంటు దేంతో తయారవుతుందన్నదాన్ని బట్టి. నీటి కరెంటు మీద బతికే నార్వేలో చప్పున, బొగ్గు ఎక్కువున్న చోట చాలా మెల్లగా. బండి పక్షాన ఉన్న పాయింట్ ఏంటంటే, అమెరికా ఇంధన శాఖ లెక్కల్లో గ్రిడ్ నుంచి తీస్కున్న కరెంటులో 77 శాతం పైనే చక్రాలకి చేరుతుంది, పెట్రోల్ శక్తిలో చేరేది 12 నుంచి 30 శాతమే. నెలకోసారి బయటికి తీసే వాళ్ళు గ్రీన్ పేరు చెప్పి ఈవీ కొంటే మాత్రం నాకు నవ్వొస్తుంది.

సరే, ఇన్ని చెప్పాక కూడా బావ మెత్తబడలేదు. ఎందుకంటే ఆయనకి అసలు కోపం బండి మీద కాదు, ప్రభుత్వాలు "కొనాల్సిందే" అంటున్న మాట మీద. ఇక్కడ నేను బావ పార్టీనే.

బ్రిటన్ చూడండి. పెట్రోల్, డీజిల్ కొత్త కార్లు 2040 నుంచి ఆపేస్తాం అని 2017లో అన్నారు, 2020 మొదట్లో అది 2035 అయింది, అదే ఏడు చివరికి 2030 అయింది, 2023లో అప్పటి ప్రధాని సునాక్ మళ్ళీ 2035 అన్నాడు, తర్వాత వచ్చిన లేబర్ పార్టీ ప్రభుత్వం మళ్ళీ 2030 అంది. ఈ లోపు కంపెనీలు అమ్మే కార్లలో 2024లో 22 శాతం, 2030కి 80 శాతం కాలుష్యం లేనివి ఉండాలని కోటా, తప్పితే జరిమానా. యూరోపియన్ యూనియన్ కొత్త కార్ల పొగలో కార్బన్ డయాక్సైడ్‌ని 2035కి వంద శాతం తగ్గించాలని 2023లో చట్టం చేసింది, జర్మనీ అడ్డుపడి ఫ్యాక్టరీలో తయారుచేసే సింథటిక్ ఇంధనాలకి సందు పెట్టించింది, 2025 డిసెంబర్‌లో యూరోపియన్ కమిషన్ ఆ వందని 90 శాతం చేద్దామని ప్రతిపాదించింది. 2035 నుంచి కొత్త పెట్రోల్ కార్లు ఆపాలన్న కాలిఫోర్నియా రూల్‌ని 2025 జూన్‌లో ట్రంప్ సంతకంతో కొట్టేశారు, దాని మీద కాలిఫోర్నియా కోర్టుకెళ్ళింది. జర్మనీ సబ్సిడీని 2023 డిసెంబర్‌లో ఒక వీకెండ్‌లో ఆపేసింది, మర్నాటి ఏడు అక్కడ ఈవీ అమ్మకాలు పావు వంతు పైనే పడిపోయాయి. కారు కొనేవాడు పదేళ్ళకి ప్లాన్ చేస్తాడు, వీళ్ళు రెండేళ్ళకోసారి మాట మారుస్తారు, ఇంక నమ్మమంటే ఎలా?

పైగా ఒకసారి నమ్మి మునిగినవాళ్ళు ఉన్నారు. 2001లో బ్రిటన్‌లో కారు ట్యాక్స్‌ని కార్బన్ డయాక్సైడ్‌కి ముడిపెట్టారు, డీజిల్‌కి అది తక్కువ కాబట్టి జనం డీజిల్ కార్ల మీద పడ్డారు. 2015లో ఫోక్స్‌వ్యాగన్ టెస్టుల్లో మోసం చేసేలా సాఫ్ట్‌వేర్ పెట్టిందని బయటపడింది, ప్రపంచమంతా కలిపి సుమారు 1.1 కోట్ల బండ్లు. ఆ తర్వాత అదే డీజిల్ ఊపిరితిత్తులకి విషం అని సిటీల్లోకి రావాలంటే ఫీజు కట్టమన్నారు. అంటే నిన్న గ్రీన్ అని కొనిపించి ఇవాళ దానికే జరిమానా. ఆ దెబ్బ తిన్నవాడు ఈవీని అనుమానంగా చూస్తే వాణ్ణి మూర్ఖుడనడం అన్యాయం. బల్బుల విషయమూ అంతే, యూరప్‌లో 2009 నుంచి పాత బల్బులు ఆపేస్తూ వచ్చారు, జనానికి అంటగట్టింది పాదరసం ఉన్న సీఎఫ్‌ఎల్, చివరికి ఇళ్ళలో గెలిచింది ఎల్‌ఈడీ, చవకైంది, బాగుంది కాబట్టి.

అలాగని ప్రభుత్వం చెప్పిందంతా చెత్తే అనే బ్యాచ్‌తోనూ నాకు పొసగదు. సీసం కలిపిన పెట్రోల్‌ని మార్కెట్టే ఆపలేదు, రూల్ ఆపింది, చివరి దేశం అల్జీరియా 2021లో మానేసింది. పొగలో విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ పెట్టమంటే అమెరికా కార్ల కంపెనీలు అప్పట్లో గుండెలు బాదుకున్నాయి, 1975 మోడళ్ళ నుంచి పెట్టేశాయి, ఏమీ మునిగిపోలేదు. కానీ ఒకటి గమనించండి, అక్కడ రూలుతో పెద్ద తంటా పడింది కంపెనీలు. డ్రైవరు బంకుకి పోయినట్టే పోయాడు, వాడి రోజు మారలేదు. ఈవీలో కోటా కాగితం మీద కంపెనీకే గానీ తంటా అంతా వచ్చి ఎర్రర్ చూపించే ఛార్జర్ ముందు నిలబడ్డవాడికి తగుల్తుంది. ఛార్జర్లు లేకుండా తారీఖులు ప్రకటించడం, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది.

నార్వేలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం ఈవీలే. అక్కడ పెట్రోల్ కార్ల మీద నిషేధం లేదు, 2025కి కొత్త కార్లన్నీ కాలుష్యం లేనివే కావాలన్నది టార్గెట్ మాత్రమే. 1990లలో ఈవీకి కొనుగోలు పన్ను తీసేశారు, 2001లో వ్యాట్ తీసేశారు, పెట్రోల్ బండి మీద పన్నులు బాదుతూ పోయారు, ఊరంతా ఛార్జర్లు పెట్టారు. అదీ ఒత్తిడే, నేను కాదనట్లేదు, డబ్బున్న దేశం కాబట్టి కుదిరింది అనేది కూడా నిజమే. కానీ పాలసీని ఏళ్ళ తరబడి ఒకే దిక్కుకి నడిపారు, చివరికి జనమే షోరూంకి పోయారు.

నాకు నచ్చిన రూల్స్ కూడా ఉన్నాయండోయ్. బ్రిటన్ 2023 నిబంధనల్లో ఫాస్ట్ ఛార్జర్ల నెట్‌వర్క్ ఏడాదిలో సగటున 99 శాతం టైం పనిచేస్తూ ఉండాలి, మామూలు బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే డబ్బు కట్టగలగాలి అని రాశారు. యూరోపియన్ యూనియన్ పెద్ద రహదారుల మీద 60 కిలోమీటర్లకి ఒక ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్ ఉండాలంది. ఆర్డర్ వెయ్యాల్సింది ఇలాంటివాళ్ళ మీద, ఛార్జర్ పెట్టి రిపేరు చెయ్యకుండా వదిలేసేవాడి మీద. ఇవి సరిగ్గా అమలైతే మా బావ లాంటివాళ్ళలో సగం మంది ఎవరూ చెప్పకుండానే కొంటారు.

ఎవరు కొనొచ్చు అంటే, సొంత పార్కింగ్, మంచి ఎర్తింగ్, రోజూ ఓ మోస్తరు తిరుగుడు ఉంటే కళ్ళు మూసుకుని తీస్కోండి, నడిపే ఖర్చులో తేడా మొదటి నెలలోనే తెలుస్తుంది. ఎల్‌ఎఫ్‌పి అయితే అప్పుడప్పుడు వంద దాకా ఛార్జ్ చేయండి, లేకపోతే మీటర్ శాతం తప్పుగా చూపిస్తుంది, ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్ ఉన్న రకం) అయితే రోజూ 80 దగ్గర ఆపండి. ఇంట్లో ప్లగ్ లేనివాళ్ళు, వారానికి రెండుసార్లు దూరాలు పోయేవాళ్ళు, ఊళ్ళో ఒక్కటే సర్వీస్ సెంటర్ ఉన్నవాళ్ళు ఇప్పుడే తొందరపడొద్దు, హైబ్రిడ్ చూడండి లేదా ఉన్న బండినే ఇంకొన్నాళ్ళు నడపండి. ఈ రూల్స్ దాదాపు అన్నీ కొత్త కార్ల అమ్మకం మీదే, మీ ఇంట్లో ఉన్న పెట్రోల్ బండిని ఎవరూ వచ్చి లాక్కుపోరు.

బండికి 4/5, ఆ ఒక్క స్టారు కోసింది 12 వోల్టుల బ్యాటరీకి. పబ్లిక్ ఛార్జింగ్‌కి 2/5, అదీ పక్కన మంచి టీ దొరుకుతుంది కాబట్టి. తారీఖులు పెట్టి మార్చే వాళ్ళకి కూడా 2/5, మా బావనడిగితే సున్నా అంటాడు.