రాజుగారి కాసులు, ఆచారి గారి భూతద్దం

మా ఇంట్లో మెడలో వేసుకునే ఐదు కాసుల నాను ఒకటుంది. విజయనగరం ఆనంద గజపతి మహారాజు కోటలో మా తాతమ్మకి ఇప్పించారని అమ్మ చెబుతుంది. అమ్మకి వాళ్లమ్మ చెప్పిందట. మొన్న ఒక కాసు కొక్కెం ఊడిపోతే ముందు ఒక పెద్ద షోరూముకి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి ముట్టుకోకుండానే "పాతది మేడం, కరిగించేసి కొత్తది తీసుకోండి" అన్నాడు.

అక్కణ్ణుంచి విజయనగరం గంటస్తంభం దగ్గరి సందులో ఉన్న ఆచారి గారి కొట్టుకి వెళ్లాను. బోర్డు లేదు. ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి రోడ్డు మీద నిలబడాల్సిందే. ఆయన కాసుల్ని కుంకుడు రసంలో కడిగి, ఒక్కొక్కటీ నా ఎదురుగానే తూచి చీటీ మీద రాశారు. తర్వాత కంటికి భూతద్దం పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. నాకు టెన్షన్.

"ఏటమ్మా, రాజుగారు ఎప్పుడు పోయారు?"

"1897లో."

"అయితే పోయిన ఇరవయ్యేళ్లకి ఇచ్చారు."

భూతద్దం నా చేతిలో పెట్టారు. నాలుగు కాసుల మీద అయిదో జార్జి తల. వెనక గుర్రం మీద వీరుడు, కింద 1918. ఆ అంకెకి కాస్త పైన, నేల గీత మీద సన్నగా 'ఐ' అక్షరం. అది బొంబాయి టంకశాల గుర్తు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అక్కడ కూడా సవరన్లనే ఈ ఇంగ్లీషు బంగారు నాణేలు కొట్టారు, సుమారు 13 లక్షలు. సవరను తూకం 7.98 గ్రాములు. మావి ఎనిమిది దాటాయంటే అది కొక్కేలు అతికిన టాకా బరువు, బంగారం కాదని కూడా చెప్పారు. కొట్టుకి వచ్చిన మనిషికి ఇలా విడమరిచి ఎవరు చెబుతారు?

పెద్దవాళ్ల ఇళ్లలోనూ ఇదే కథ లెండి. 1851లో ఈస్టిండియా కంపెనీ విక్టోరియా రాణికి ఇచ్చిన 'తైమూర్ కెంపు' 352 కేరట్ల రాయి. తీరా చూస్తే అది కెంపు కాదు, స్పైనెల్ అనే వేరే ఎర్ర రాయి. దాని మీద జహంగీర్, షాజహాన్, నాదిర్‌షా పేర్లు చెక్కి ఉన్నాయి, తైమూర్ పేరే లేదు.

ఆచారి గారి దగ్గర లోటు ఒక్కటే, టైము. మంగళవారం ఇస్తానన్న వస్తువు రెండు వారాలకి ఇచ్చారు, ఫోను ఎత్తరు. కంప్యూటర్ బిల్లు కావాలనుకునేవాళ్లు వెళ్లొద్దు. టాకా మాత్రం గట్టిగా ఉంది, తూకం చీటీతో సరిపోయింది. మజూరీ తొమ్మిదొందలు.

తెచ్చుకునే రోజు అమ్మ కూడా వచ్చింది. అయిదో కాసు మీద మేలిముసుగు విక్టోరియా, 1894. 'ఎం' గుర్తు, అంటే మెల్‌బోర్న్‌లో కొట్టింది. ఎక్కడి ఆస్ట్రేలియా, ఎక్కడి మా ఇల్లు! అమ్మ దాన్ని వేలితో తడిమి "ఇది ఆయనిచ్చిందే" అంది. ఆచారి గారు ఏమీ అనకుండా ఆ కాసుని చివర్నుంచి తీసి నాను మధ్యలో కట్టారు. దానికి విడిగా రెండొందలు తీసుకున్నారనుకోండి.